ఓటీపీ ఎవరి ఫోనుకొస్తుంది?

బ్యాంకు కౌంటరు వెనక ఇరవై రెండేళ్లు కూర్చున్నదాన్ని. మొగుడూ పెళ్లాల మధ్య ఏం నడుస్తోందో పక్కింటివాళ్ల కంటే ముందు మాకే తెలుస్తుంది. ఫారం ఎవరు నింపారు, సంతకం ఎవరు చేశారు, నోట్లు లెక్కపెట్టి ఎవరు జేబులో పెట్టుకున్నారు... ఈ మూడూ చూస్తే ఆ ఇంటి సంగతి సగం బోధపడుతుంది.

ఒకరోజు భోజనాల వేళ దాటాక ఒక లెక్కల టీచరు వచ్చారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పంతొమ్మిదేళ్ల సర్వీసు. పక్కన భర్త. కూతురి ఇంజినీరింగు ఫీజు కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ తియ్యాలి. డిపాజిట్ ఆమె పేరునే ఉంది. ఫారం ఆయన నింపారు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి ఆయనే చూపించారు. ఓటీపీ పంపాను. ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. అంకెలు ఆయన చదివారు, నేను కొట్టాను, పనైపోయింది. ఇంతలో ఎవరో ఫోన్ చేస్తే ఆయన మెట్ల దగ్గరికి వెళ్లారు. అప్పుడు ఆమె కౌంటరు మీదికి కాస్త వంగి, గొంతు తగ్గించి అడిగారు: "మేడమ్, నా ఖాతాలో అసలు ఎంతుందండీ?"

ఏడు వేల చిల్లర ఉంది. జీతం పడిన మర్నాడే మొత్తం భర్త ఖాతాకు వెళ్లిపోయేలా ఎప్పుడో ఒక కాగితం రాసిచ్చారు. రాసిచ్చినట్టు ఆమెకు గుర్తు కూడా లేదు. క్లాసులో బోర్డు మీద చక్రవడ్డీ లెక్కలు చేసి చూపించే మనిషి ఆమె.

ఆయన్ని దుర్మార్గుడనుకునేరు, కాదు. తాగడు, పేకాడడు. ఇల్లు కట్టాడు, పిల్లల్ని చదివిస్తున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. భర్త తాగుబోతయితే ఊరంతా ఆమె పక్షాన నిలబడుతుంది. మంచివాడైతే "నీకేం తక్కువైందమ్మా?" అంటుంది. ఈ పుస్తకం చదువుతున్న మీలో చాలామంది ఇంట్లో ఉన్నది మంచివాళ్లే అయ్యుంటారు. అందుకే ఈ అధ్యాయంలో మగవాళ్ల గుణగణాల జోలికి పోను. కాగితాల గురించి మాట్లాడతాను. సంపాదన వేరు, సంపాదించినదాని మీద పట్టు వేరు. మొదటిదానికి డిగ్రీ చాలు. రెండోదానికి ఆ డిగ్రీతో పాటు మనం నేర్చుకోనిది, ఎవరూ నేర్పనిది ఇంకొకటి కావాలి.

కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. నూట యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఆడపిల్లను బడికి పంపమంటే వద్దనేవాళ్లు ఏ ఊళ్లోనైనా తక్కువే. పంపుతున్నారు, బీటెక్ దాకా చదివిస్తున్నారు. అయితే ఆ బీటెక్ పెళ్లిచూపుల్లో చెప్పుకోడానికా, ఆ పిల్ల చేతిలో ఉండటానికా అని అడిగితే చాలా ఇళ్లలో జవాబు రాదు. నగల చిట్టాలో డిగ్రీ కూడా ఒక నగ అయిపోయింది. బీరువాలో పెట్టి తాళం వేస్తే అదీ అక్కడే ఉంటుంది.

మన ఆడవాళ్లకు డబ్బు దాచడం తెలియదంటే మాత్రం నేను ఒప్పుకోను. 2016 నవంబరు చూసినదాన్ని. ఎనిమిదో తేదీ రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. పదో తేదీ పొద్దున బ్యాంకు తలుపు తీసేసరికి వీధి చివరి దాకా లైను. ఆ లైన్లో పోపుల డబ్బాలన్నీ నడిచొచ్చాయి. నాలుగు మడతలు పెట్టిన నోట్లు, చీర మడతల్లో ఉండి కలరా ఉండల వాసన పట్టిన నోట్లు, ఇంగువ వాసన కొట్టే నోట్లు. ఒక పెద్దావిడ నలభై ఏడు వేలు తెచ్చి, "మా ఆయనకు తెలియకుండా వెయ్యి తల్లీ" అంది. ఆవిడకు ఖాతా ఉంది. అది భర్తతో కలిసి ఉన్న జాయింటు ఖాతా. మెసేజ్ ఆయన ఫోనుకు వెళ్తుంది. నేనేం చెయ్యగలను? అప్పటికప్పుడు ఆవిడ పేరు మీద కొత్త ఖాతా తెరిపిస్తే, నంబరు కాలమ్ దగ్గర ఆగిపోయింది. ఆవిడకు సొంత ఫోను లేదు.

ఏళ్ల తరబడి రూపాయి రూపాయి దాచిన పొదుపు ఒక్క రాత్రిలో గుట్టు విప్పుకుని భర్తల ముందు నిలబడింది. ఆ నెలలో ఎంతమంది ఆడవాళ్లు ఇళ్లలో సంజాయిషీ చెప్పుకున్నారో లెక్క ఎక్కడా రాయలేదు. పోపుల డబ్బా తెలివి చాలా గొప్పది, దానికి వడ్డీ రాదు, రక్షణ లేదు. దాచుకోవడం భయంతో చేసే పని. అదే డబ్బు పేరు రాసి పెట్టుకుంటే దానికి హక్కు వస్తుంది.

దాచినదాన్ని పదిమందిలో పెట్టే ధైర్యం మన దగ్గరే, నెల్లూరు జిల్లాలో ఒకసారి పుట్టింది. ఆ కథ సారా ఉద్యమంగానే చాలామందికి తెలుసు. నేను దాన్ని చదువు కథగా చెప్తాను. 1990ల మొదట్లో ఆ జిల్లాలో రాత్రిబడులు నడిచాయి. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా ఊరిని, ఇంటిని ఎలా తినేస్తుందో అందులో ఉంటుంది. కూడబలుక్కుని చదివారు, చదివి ఇది మన కథేనన్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు మిగతా ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

అందరూ ఇక్కడ ఆపేస్తారు. నా దృష్టిలో అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే, దాన్ని ఏం చెయ్యాలి? రోజుకో రూపాయి చొప్పున పొదుపు చెయ్యాలనుకున్నారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. నెలకు ముప్పై రూపాయలు. నవ్వొస్తుందేమో గానీ, ఆ ముప్పై రూపాయలు పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా రాసేవాళ్లు. జీవితంలో మొదటిసారి ఆమె పేరు పక్కన ఒక అంకె పడింది. తర్వాత ఊరూరా పెరిగిన డ్వాక్రా సంఘాలకు, పొదుపు సంఘాలకు ఈ అలవాటే పునాదిరాయి అయింది. వరస చూడండి: ముందు చదవడం, తర్వాత అడగడం, ఆ తర్వాత దాచడం. ఈ వరస తప్పిన చోటల్లా దెబ్బ తిన్నాం.

దెబ్బ తిన్నామని ఊరికే అనడం లేదు. 2010 వచ్చేసరికి అప్పులిచ్చే కంపెనీలు ఊళ్ల మీద పడ్డాయి. దాచమనేవాళ్లు తగ్గి, తీసుకోమనేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకే ఆడమనిషి పేరు మీద మూడు, నాలుగు చోట్ల అప్పు. వారం వారం వసూళ్లు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చోవడం, పరువు పోయి ప్రాణాలు తీసుకోవడం. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాళ్లను కట్టడి చేసింది. అప్పు దొరకడాన్ని స్వాతంత్ర్యమని పిలిచినవాళ్లంతా ఆ రోజుల్లో తలుపులేసుకున్నారు. కాగితం మీద అప్పు ఆమెది, ఖర్చు పెట్టింది ఇంట్లో మగవాళ్లు, అవమానం మళ్లీ ఆమెదే. మీ పేరు మీద ఉన్న అప్పుల్లో మీ చేతికి వచ్చినదెంత? ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ ఒక్క లెక్క రాయండి. నేను మీటింగుల్లో రాయించినప్పుడు పెన్ను ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

ఇప్పటికీ సంఘం లీడర్లలో గట్టి మనుషులున్నారు. మా బ్రాంచికి వచ్చే ఒకామె చదివింది ఐదో తరగతి. పది మంది సభ్యుల వాయిదాలు, ఎవరెప్పుడు కట్టారు, ఎవరికి ఎంత బాకీ, అన్నీ నోటికి చెప్పేది. తీర్మానం పుస్తకం ఆమె సంచిలోంచి కదిలేది కాదు. మా క్యాషియరు తప్పు లెక్కేస్తే పట్టుకుంది ఒకసారి. అలాంటి మనిషి ఖాతాకు ఉన్న నంబరు కొడుకుది. కొడుకు బెంగళూరులో ఉంటాడు. డబ్బు తియ్యాలంటే వాడికి ఫోన్ చెయ్యాలి, వాడు ఎత్తాలి, అంకెలు చెప్పాలి. ఐదో తరగతి చదివిన లీడరు, ఎమ్మెస్సీ చదివిన టీచరు ఆ ఒక్క చోట సమానమే.

ఇక చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ల సంగతి. పదో తరగతి ఫెయిలై పెళ్లయినవాళ్లు, ఇంటర్ పూర్తి కాకుండానే కడుపు పండినవాళ్లు, "ఇప్పుడు నాకెందుకులెండి" అంటుంటారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినే ఉంటారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఊహ వచ్చాక ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చారు. జైళ్లకు వెళ్లివచ్చాక కూర్చుని చదివి, ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ రాశారు. ఆ తర్వాత డిగ్రీ, లా. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. నాకు వీటన్నిటి కంటే నచ్చేది ఇంకొకటుంది. తను ఏ పరీక్ష కష్టపడి రాశారో, అదే పరీక్షకు మిగతా ఆడపిల్లల్ని తయారు చెయ్యడానికి పూనుకున్నారు. 1937లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర మహిళా సభ మొదలు అలాంటిదే. చదువు ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ల కోసం తక్కువ కాలంలో పూర్తయ్యే కోర్సులు 1958లో దేశమంతా మొదలవడం వెనకా ఆమే ఉన్నారు.

ఈ రోజు మీకు దారి అంత కష్టం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది. పదో తరగతికైనా ఇంటర్‌కైనా పై వయసు పరిమితి లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాల్సిన పని లేదు, పాసైనవి అలాగే ఉంటాయి, మిగిలినవి రాసుకుంటూ పోవచ్చు. డిగ్రీకి తెలంగాణలో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో హైదరాబాదులో మొదలైంది, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. అంగన్‌వాడీ, ఆశా, హాస్టల్ వంటమనిషి, ఏ పని చేస్తున్నా సరే, పై మెట్టు ఎక్కాలంటే ముందు ఆ సర్టిఫికెట్టే అడుగుతారు.

అసలు అడ్డం వయసు కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. టైము. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లని అన్నాను, గమనించండి. చెయ్యనివాళ్లు ఆ లెక్కలో లేనేలేరు. ఐదు గంటల చాకిరీలోంచి చదువుకు ముప్పావుగంట పీకాలి. తెల్లవారుజామున లేచి చదవండని పుస్తకాల్లో రాస్తారు. నేను చెప్పను. ఇప్పటికే ముందు లేచేది, వెనక పడుకునేది మీరే. నిద్రలోంచి కోయకండి, పనిలోంచి కొయ్యండి. రాత్రి అంట్లు మీ ఇంట్లో ఇంకెవరైనా తోమగలరా? కొడుకు తొమ్మిదో తరగతైతే తోమగలడు. వాడికి చేతులున్నాయి. రేపు వాడు కోడల్ని తెచ్చినప్పుడు ఆ పిల్ల మీకు మనసులో దండం పెట్టుకుంటుంది.

ఇప్పుడు భూమి. ఈ అధ్యాయంలో చాలామందికి ఇబ్బంది కలిగించే భాగం ఇదే, నాకూ కలిగింది.

మన ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తులశమ్మ కేసు లా కాలేజీల్లో ఇప్పటికీ చెప్తారు. 1931లో భర్త పోయాడు. మనోవర్తి కోసం భర్త సవతి సోదరుడి మీద దావా వేసింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఇస్తాం, బతికున్నంత కాలం అనుభవించు, అమ్మడానికి మాత్రం హక్కు లేదన్నారు. తినొచ్చు, ముట్టుకోకూడదు! తర్వాత ఆమె అందులో కొంత అమ్మితే కేసు పెట్టారు. 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆ ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పూర్తిగా ఆమెదే. రాజీపత్రంలో పెట్టిన షరతు నిలబడదంది. భర్త పోయినప్పటి నుంచి లెక్కేస్తే నలభై ఆరేళ్లు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో పాటు పుట్టుకతోనే వాటా అని చట్టం చేసిన మొదటి రాష్ట్రాల్లో మనది ఉంది. 1985 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిపోయినవాళ్లను బయట పెట్టారు. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ మెలిక తీసేశారు. 2005 నాటికి తండ్రి బతికుండాలా వద్దా అని కోర్టుల్లో నలిగిన తర్వాత, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. కూతురు పుట్టగానే వాటాదారు. 2004 డిసెంబరు 20 లోపల రిజిస్టరై ముగిసిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. తండ్రి స్వార్జితాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే మీకూ మీ అన్నకూ సమానం. ఇదంతా హిందూ కుటుంబాల సంగతి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారసత్వ చట్టాలు వేరు, అవి తెలిసిన వకీలును అడగండి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఏం జరుగుతుందో మీకు చెప్పాలా? తమ్ముడు ఫోన్ చేస్తాడు. "అక్కా, చిన్న సంతకం. బుధవారం మంచిరోజు. కారు పంపిస్తాను." అక్క వెళ్తుంది. మరదలు కాఫీ ఇస్తుంది, పసుపూ కుంకుమా పెట్టి కంచి పట్టుచీర చేతిలో పెడుతుంది. ఆఫీసులో ఎనిమిది పేజీలు. "చదివేదేముంది, నీకు తెలియనిదా?" అది హక్కు విడుదల పత్రం. ఎకరన్నర ఖరీదు చేసే ఆ చీర నా బీరువాలోనూ ఒకటుంది. బ్యాంకులో పనిచేస్తూ, రోజూ అందరికీ చదివి సంతకం పెట్టండమ్మా అని చెప్పే నేను, ఆ రోజు చదవలేదు. పుట్టిల్లు పోతుందేమోనన్న భయం చదువునూ ఉద్యోగాన్నీ ఒకేసారి మింగేస్తుంది.

వాటా వదులుకోవద్దని నేను అనను. తమ్ముడు నిజంగా ఇబ్బందుల్లో ఉండొచ్చు, మీకు ఇవ్వాలని ఉండొచ్చు. ఇచ్చేటప్పుడు ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి. నా తప్పు మీరు చెయ్యకుండా ఒక్క మాట చెప్తాను, ఇలాగే అనండి: "తమ్ముడూ, కాగితం ముందు వాట్సాప్‌లో పంపు. చదువుకుని వచ్చే వారం వస్తాను." ఇందులో గొడవ లేదు, అనుమానం లేదు. వారం టైము అడిగినందుకు తెగిపోయే బంధుత్వమైతే, అది మీ సంతకంతో ఉన్న బంధుత్వం.

బంగారం గురించి ఎక్కువ చెప్పను. స్త్రీధనం మీదే, అత్తింట ఉన్నా మీదే. 1985లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కన్నతండ్రి కూడా కూతురి అనుమతి లేకుండా దాన్ని తిరిగి అడగలేడని 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో చెప్పింది. మీరు చెయ్యాల్సింది చిన్నది. నగలు ఒక దుప్పటి మీద పరిచి ఫోటో తీసుకోండి. బిల్లులుంటే వాటి ఫోటో కూడా. లాకరు అత్తగారి పేరునో మామగారి పేరునో ఉంటే మీ పేరూ చేర్పించమని అడగండి. నగలు తాకట్టు పెట్టాల్సి వస్తే లోను మీ పేరుతోనే తియ్యండి, విడిపించేటప్పుడు మీ చేతికే వస్తాయి.

సంతకాల్లో ఇంకో రకం ఉంది. భర్త వ్యాపారంలో మిమ్మల్ని భాగస్వామిగానో డైరెక్టరుగానో పెడతారు. పేరుకే అంటారు. చెక్కుబుక్కులో ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేయించి పెట్టుకుంటారు. మీరు సంతకం చేసిన చెక్కు తిరిగొస్తే కోర్టు నుంచి పిలుపొచ్చేది మీకే. జామీను సంతకం కూడా అంతే. చట్టం దృష్టిలో జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. ఇందులో మినహాయింపు లేదు, పెట్టమన్నది ఎవరైనా సరే. భర్త నిజంగా మీ మేలు కోరి ఏదైనా చేస్తానంటే ఇంకో మంచి దారి ఉంది. ఆయన తన మీద టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోమనండి. ఆయనకు ఏదైనా జరిగితే ఆ డబ్బు మీకూ పిల్లలకూ వస్తుంది, వ్యాపారం అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. పాలసీ తీసుకునే రోజే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు.

ఇంట్లో డబ్బు మాట ఎలా ఎత్తాలో చాలామంది అడుగుతారు. హక్కులు, సమానత్వం అంటూ మొదలుపెడితే అన్నం పళ్లెం పక్కకు జరుగుతుంది. మొదట్లో చెప్పిన టీచరుగారు ఎలా ఎత్తారో చెప్తాను. రెండు నెలల తర్వాత ఒక్కరే వచ్చారు. ఇంట్లో జరిగింది ఆమే చెప్పారు.

"ఏమండీ, స్కూల్లో ఇన్‌కమ్‌టాక్స్ లెక్కలు అడుగుతున్నారు. నా ఖాతా నా నంబరుకు మార్చుకుంటాను."

"నేను చూస్తున్నాగా."

"మీరు ఊళ్లో లేనప్పుడు పాప హాస్టలు నుంచి ఫోన్ చేస్తే?"

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, మార్చుకో" అన్నారట. పంతొమ్మిదేళ్ల చిక్కుముడి నాలుగు మాటల్లో వీడింది. అందరికీ ఇంత తేలిగ్గా వీడదు. కొన్ని ఇళ్లలో వారం రోజులు మాటలుండవు, కొన్ని ఇళ్లలో చెయ్యి లేస్తుంది. చెయ్యి లేచే ఇంట్లో ముందు డబ్బు సంగతి ఎత్తకండి, 181కి ఫోన్ చెయ్యండి. మామూలు ఇళ్లలో మాత్రం నేను గమనించిందేమిటంటే, చాలామంది భర్తలు వద్దని చెప్పి ఉండరు. అడిగినవాళ్లే లేరు.

ఆ రోజు ఆమె నంబరు మార్చుకున్నారు. జీతం మళ్లించే పాత కాగితం రద్దు చేశారు. ఇంటి ఖర్చుకు, హౌసింగ్ లోనుకు ఎంత కావాలో అంత భర్త ఖాతాకు పంపేలా కొత్తది రాశారు. నెలకు నాలుగు వేలు ఆమె దగ్గర మిగిలేలా చూసుకున్నారు. నాలుగు వేలు పెద్ద మొత్తం కాదు గానీ, ఎవరినీ అడగక్కర్లేని నాలుగు వేలు.

జీతం లేనివాళ్లు ఎక్కడి నుంచి తెస్తారని అడగొచ్చు. మా వీధిలో ఒక బట్టల షాపులో పనిచేసే ఆవిడకు బస్సుకు రోజూ రానూ పోనూ నలభై రూపాయలయ్యేది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్టు వచ్చింది. ఇరవై ఐదు రోజులకు వెయ్యి రూపాయలు మిగిలాయి. అది ఇంటి ఖర్చులో కలిసిపోకముందే పోస్టాఫీసులో నెలకు వెయ్యి రూపాయల ఆర్.డి. కట్టడం మొదలుపెట్టింది, తన పేరు మీద. పాలు, కుట్టుమిషను, పచ్చళ్లు, డ్వాక్రా పొదుపు, మీ నలభై రూపాయలు ఎక్కడున్నాయో నాకంటే మీకే తెలుసు. మిగిలిన రోజునే దాన్ని కదిలించాలి. ఇంట్లో రెండు రాత్రులు పడుకున్న డబ్బుకు ఎవరిదో ఒకరి అవసరం గుర్తొస్తుంది.

ఇక ఈ పేజీ మధ్యలో వేలు పెట్టుకుని ఫోను తియ్యండి. మీ ఖాతాకు ఏ నంబరుందో తెలియకపోతే మీ బ్యాంకు నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి బ్యాలెన్సు అడగండి. బ్యాలెన్సు మీ ఫోనుకు వస్తే తర్వాతి అధ్యాయానికి రండి. రాకపోతే ఈ పుస్తకం ఇక్కడే ఆపెయ్యండి. రేపు పది గంటలకు బ్యాంకు తెరుస్తారు. ఆధార్, పాస్‌బుక్కు, మీ ఫోను పట్టుకుని వెళ్లండి, నంబరు మార్చే ఫారం ఒక్క పేజీయే ఉంటుంది. దాన్ని మీరే నింపండి.